శ్రమజీవుల లెక్క: మహలనోబిస్ జీవితకృషి

పొలాలెన్ని, పశువులెన్ని అని లెక్కించడం ప్రయాసే కాని అసాధ్యం కాదు. పనిచేసే మనుషులెందరు అని లెక్కించడం మాత్రం అంతకంటె చిక్కైన సంగతి. వేకువనే పాలు పితికి, పగలు చేనిలో కలుపు తీసి, రాత్రి ఇంటిల్లిపాదికి వండిపెట్టే రైతు ఇల్లాలు ఎవరివద్దను కూలి పుచ్చుకోదు. ఆమె శ్రామికురాలా, కాదా? నాట్లకు, కోతలకు పని దొరికి, వేసవిలో ఊరక కూర్చునే కూలివాడు పని ఉన్నవాడా, లేనివాడా? ఇటువంటి ప్రశ్నలకు ఇల్లిల్లూ తిరిగి సమాధానం రాబట్టగల యంత్రాంగాన్ని భారతదేశానికి సమకూర్చిన మహనీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో, బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి, ఉన్నతవిద్యకై కేంబ్రిడ్జి వెళ్లారు. అచ్చట గణితమేధావి శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. 1915లో స్వదేశానికి బయలుదేరేముందు ‘బయోమెట్రికా’ అనే పత్రిక సంపుటాలు ఆయన కంటబడ్డాయి. ఓడప్రయాణమంతా వాటిని చదువుతూనే గడిపారు. సెలవులకు వచ్చిన యువకుడు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడై ఇక్కడనే నిలిచిపోయారు. బోధించినది భౌతికశాస్త్రమే అయినా మనసు నిలిచినది గణాంకాల మీద. ఆ కళాశాలలోని చిన్న గదిలో మొదలైన కృషియే 1931లో భారత గణాంకశాస్త్ర సంస్థగా రూపొందింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ సంస్థలో చేరి విశ్వవిఖ్యాతి గడించారు.

అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక మెతుకు పట్టిచూస్తే చాలునని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అయితే గ్రామాలు మెతుకుల వలె ఒక్క తీరున ఉండవు. ఏ గ్రామాన్ని, ఏ ఇంటిని ఎంచుకోవాలి? ఎంచుకున్నందువల్ల ఎంత పొరపాటు రావచ్చు? ఈ రెండు ప్రశ్నలకు మహలనోబిస్ శాస్త్రీయమైన సమాధానం చూపారు. ఎంపికను ఎవరి ఇష్టానికీ విడువక, చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా జరిపించారు. ఒకే ప్రాంతానికి వేర్వేరు నమూనాలు తీసి, వేర్వేరు బృందాలను పంపి, వారి లెక్కలను పోల్చి చూశారు. ఆ లెక్కల మధ్య ఉన్న తేడాయే పొరపాటుకు కొలబద్ద అయింది. బెంగాలులో జనపనార పంటను ఈ విధంగా అంచనా కట్టినప్పుడు, ప్రతి మడినీ లెక్కించడానికయ్యే వ్యయంలో దాదాపు పదోవంతుతోనే పని నెరవేరింది. 1943 నాటి ఘోరక్షామం తరువాత, ఎందరు భూమిని, వృత్తిని పోగొట్టుకున్నారో తెలుసుకొనడానికి కూడ ఆయన సంస్థ ఈ పద్ధతినే ఉపయోగించింది.

స్వాతంత్ర్యానంతరం, 1949లో ఆయన జాతీయాదాయ సంఘానికి అధ్యక్షులయ్యారు. దేశప్రజల సంపాదన ఎంతో చెప్పడానికి తగిన వివరాలే లేవని అప్పుడు తేటపడింది. ఆ లోటు తీర్చడానికి 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైంది. సుమారు ఐదున్నర లక్షల గ్రామాల నుండి తొలివిడతకు ఎంచుకున్నవి 1,833 మాత్రమే. రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా రచించినవారు కూడ మహలనోబిస్‌గారే. ఐదేండ్లలో కోటిపది లక్షలమందికి కొత్తగా పని కల్పించడం ఆయన లెక్కలోని ఒక లక్ష్యం. ఉన్న పనివారెందరో తెలియనిదే కొత్తగా కల్పించవలసిన పనిని కొలవడం ఎట్లు? అందుచేత 1955లో, సర్వే తొమ్మిదవ విడతలో, పనిని గూర్చి, నిరుద్యోగాన్ని గూర్చి దేశవ్యాప్తంగా విచారణ జరిగింది.

కాలక్రమంలో శ్రామికుల సంఖ్య పెరిగినదా, తరిగినదా అని చెప్పాలంటే ప్రతిసారీ ఒకే కొలత వాడాలి. జనాభా లెక్కలలో అది జరుగలేదు. 1931లో సంపాదనపరులు, పనిచేసే ఆశ్రితులు, పనిచేయని ఆశ్రితులు అని విభజించారు. 1951లో స్వయంపోషకులు అన్న మాట వచ్చింది. 1961లో, పని కాలంలో అధికభాగం దినానికి గంటకు మించి పనిచేసినా శ్రామికులుగానే గణించారు. 1971లో ముఖ్యవ్యాపకం ఏదని అడిగారు. ఇంటిపని ముఖ్యమని చెప్పిన స్త్రీలు అనేకులు లెక్కనుండి జారిపోయారు. పదేండ్లలో శ్రామికస్త్రీల నిష్పత్తి దాదాపు సగానికి పడిపోయినట్లు పట్టికలు చూపాయి. చేలలో వంగిన నడుములు అన్నీ నిలువలేదు. మారినది ముఖ్యంగా ప్రశ్న.

ఈ చిక్కును పరిశీలించిన దాంత్‌వాలా సంఘం, ఒక్క అంకెతో శ్రామికశక్తిని కొలువరాదని 1970లో తేల్చింది. ఏడాది పొడుగునా సాధారణంగా చేసే పని, గడచిన వారంలో చేసిన పని, ఆ వారంలో పూటపూటకూ చేసిన పని అని మూడు విధాల కొలతలతో సర్వే 27వ విడత 1972 అక్టోబరులో ప్రారంభమైంది. దానిని చూడడానికి మహలనోబిస్ జీవించి లేరు. ఆ ఏడాది జూన్ 28న, డెబ్బైతొమ్మిదవ పుట్టినరోజుకు ఒక్కనాడు ముందు, ఆయన కన్నుమూశారు. తరువాతి సర్వేలు దశాబ్దాల తరబడి ఆ కొలతలనే పాటించినందున, ఒక కాలపు లెక్కను మరొక కాలపు లెక్కతో పోల్చడం సాధ్యమైంది.

2007 నుండి ఆయన జన్మదినం జాతీయ గణాంక దినోత్సవంగా జరుగుతున్నది. ఆయన పేరు తలచే విద్యార్థి ఒక అలవాటు నేర్చుకుంటే అదే తగిన నివాళి. ఏ అంకె కనబడినా దానిని నమ్మడానికి ముందు, ఎవరిని, ఏమని అడిగి ఆ అంకె రాబట్టారో విచారించాలి. లెక్కకు రాని శ్రమకు ప్రణాళికలో చోటు దొరకదు.