ధీరోదాత్త క్రీడాకారుడు జాకీ రాబిన్సన్

క్రీడలు శరీరానికి దార్ఢ్యాన్ని, మనస్సుకు ఉల్లాసాన్ని ప్రసాదిస్తాయన్న విషయం అందరికీ తెలిసినదే. అయితే ఒక్కొక్కప్పుడు ఒక ఆట సమాజపు అంతరంగాన్నే కదిలిస్తుంది. చట్టాలు, ఉపదేశాలు తొలగించలేని అడ్డుగోడను ఒక జట్టుపై ప్రజలు పెంచుకున్న అభిమానం బీటలు వారేటట్లు చేస్తుంది. అమెరికా బేస్‌బాల్ చరిత్రలో అటువంటి మార్పుకు కారకుడైన మహనీయుడు జాకీ రాబిన్సన్.

ఆయన 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలోని కైరో పట్టణ సమీపంలో జన్మించాడు. తల్లిదండ్రులు పరుల భూమిని పాలుకు సాగుచేసే నిరుపేద నల్లజాతీయులు. జాకీ పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. తల్లి మాలీ ధైర్యం కోల్పోక, ఐదుగురు బిడ్డలను వెంటబెట్టుకొని 1920లో కాలిఫోర్నియాలోని పాసడీనా నగరానికి చేరింది. ఇళ్ళలో పనులు చేసి బిడ్డలను పోషించింది. అన్న మాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల పరుగుపందెంలో జెస్సీ ఓవెన్స్ తరువాతి స్థానం పొంది రజత పతకం సాధించాడు. అన్న అడుగుజాడలలో నడిచిన జాకీ లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు-దూకుడు పోటీలు అనే నాలుగు విభాగాలలోనూ విశ్వవిద్యాలయ జట్టుకు ప్రాతినిధ్యం వహించాడు. ఆర్థిక ఇబ్బందుల వల్ల 1941లో పట్టా పొందకుండానే చదువు ముగించవలసి వచ్చింది.

1942లో ఆయన సైన్యంలో చేరి అధికారి అయ్యాడు. 1944లో టెక్సాస్‌లోని సైనిక శిబిరంలో బస్సు ఎక్కినప్పుడు, వెనుక వరుసలోకి వెళ్ళి కూర్చోమని డ్రైవరు ఆజ్ఞాపించాడు. నల్లజాతివారు వెనుక కూర్చోవడం ఆనాటి దక్షిణాది రివాజు. రాబిన్సన్ అందుకు నిరాకరించాడు. సైనిక న్యాయస్థానం ఆయనను విచారించి చివరకు నిర్దోషిగా ప్రకటించింది. అన్యాయానికి తలవంచని స్వభావం ఆయనకు పుట్టుకతో వచ్చినది. అటువంటి అభిమానధనుడు మరి మూడేళ్ళకు వేలమంది ఎదుట అవమానాలను మౌనంగా సహించవలసి రావడం ఆయన జీవితంలోని విశేషం.

ఆనాడు అగ్రశ్రేణి బేస్‌బాల్ జట్లు నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అనే రెండు కూటములుగా ఉండేవి. ఒక్కొక్క కూటమిలో ఎనిమిది జట్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చివరి దాకా ప్రతి జట్టు 154 ఆటలు ఆడేది. ప్రథమ స్థానంలో నిలిచిన జట్టుకు లీగ్ పతాకం దక్కేది. రెండు జట్లు సమానంగా నిలిస్తే నేషనల్ లీగ్‌లో మూడు ఆటల ప్లేఆఫ్ నిర్వహించి విజేతను తేల్చేవారు. రెండు కూటముల విజేతలు వరల్డ్ సిరీస్‌లో తలపడేవి. పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగం నుంచి ఈ జట్లలో నల్లజాతివారికి ప్రవేశం లేదు. వారు తమ కోసం వేరుగా ఏర్పడిన లీగ్‌లలోనే ఆడవలసి వచ్చేది. రాబిన్సన్ కూడా 1945లో కాన్సస్ సిటీ మోనార్క్స్ అనే నల్లజాతి జట్టులో ఆడాడు.

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతపు జట్టు డాడ్జర్స్. దాని అధ్యక్షుడు బ్రాంచ్ రికీ ఈ నిషేధాన్ని తొలగించాలని సంకల్పించాడు. 1945 ఆగస్టులో రాబిన్సన్‌ను పిలిపించి, మైదానంలో ఎన్ని దూషణలు ఎదురైనా ప్రతీకారానికి పూనుకోరాదని కోరాడు. తాను ఒక్కసారి చేయెత్తినా తన జాతి అంతటికీ తలుపులు మూసుకుపోతాయని రాబిన్సన్ గ్రహించాడు. ఆ నియమాన్ని స్వీకరించాడు. 1946లో రేచెల్‌ను వివాహమాడి, డాడ్జర్స్ అనుబంధ జట్టు అయిన మాంట్రియల్ రాయల్స్‌లో చేరాడు. ఆ సంవత్సరాంతపు పోటీలలో లూయివిల్ నగర ప్రేక్షకులు ఆయనను హేళన చేశారు. పోటీ కెనడాలోని మాంట్రియల్‌కు మారగానే అక్కడి అభిమానులు లూయివిల్ ఆటగాళ్ళందరినీ హేళన చేసి బదులు తీర్చారు. చివరి విజయం తరువాత వారు ఆయనను భుజాల మీదికి ఎత్తుకొని ఊరేగించారు.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ మైదానంలో 42వ సంఖ్య గల చొక్కా ధరించి రాబిన్సన్ డాడ్జర్స్ పక్షాన బరిలోకి దిగాడు. స్వజట్టులోని కొందరే ఆయన రాకను వ్యతిరేకించారు. ఫిలడెల్ఫియా జట్టు శిక్షకుడు, ఆటగాళ్ళు నీచమైన మాటలతో వేధించారు. బెదిరింపు లేఖలు వచ్చాయి. కొన్ని నగరాలలో సహచరులు దిగిన హోటలులో ఆయనకు గది దొరకలేదు. ఆయన నోరు మెదపలేదు. బ్యాటుతో, కాళ్ళ వేగంతో మాత్రమే సమాధానం చెప్పాడు.

ఆ సమాధానాన్ని అర్థం చేసుకున్నవారు అభిమానులు. బ్రూక్లిన్ ప్రజలలో అధిక సంఖ్యాకులు ఐరోపా నుంచి వలస వచ్చిన శ్రామిక కుటుంబాలవారు. తమ జట్టును ముద్దుగా దేశదిమ్మరులని పిలుచుకొనేవారు. మైదానంలో ఒక మహిళ ఆవు మెడలో కట్టే గంటను మోగిస్తూ ఆటగాళ్ళను ఉత్సాహపరిచేది. ఆటకు వెళ్ళలేనివారు రెడ్ బార్బర్ రేడియో వ్యాఖ్యానం వినేవారు. వేసవి సాయంత్రాలలో ఇంటింటి కిటికీ నుంచి ఆ స్వరం వినిపించేది. రాబిన్సన్ చేసే ఒక్కొక్క పరుగు తమ జట్టును పతాకానికి ఒక అడుగు దగ్గర చేస్తున్నదని వారు తెలుసుకున్నారు. నల్లజాతివారి ఆనందానికైతే అవధులే లేవు. ఆయన సిన్సినాటిలో ఆడినప్పుడు దక్షిణాది రాష్ట్రాల నుంచి రైళ్ళలో తరలివచ్చారు. ఆ ఏడు డాడ్జర్స్ లీగ్ పతాకాన్ని గెలిచింది. రాబిన్సన్ ఉత్తమ నూతన క్రీడాకారునిగా పురస్కారం అందుకున్నాడు. 1949లో లీగ్ అత్యుత్తమ ఆటగాడుగా ఎంపికయ్యాడు.

1951 నాటి పోటీ అభిమానుల సహనాన్ని పరీక్షించింది. ఆగస్టు రెండవ వారంలో డాడ్జర్స్ తన పొరుగు ప్రత్యర్థి న్యూయార్క్ జెయింట్స్ కంటే పదమూడు ఆటలకు పైగా ముందున్నది. ఆ తరువాత జెయింట్స్ తన చివరి 44 ఆటలలో 37 గెలిచింది. ఆధిక్యం రోజురోజుకూ కరిగిపోతుంటే బ్రూక్లిన్ వీధులలో దిగులు కమ్ముకున్నది. సెప్టెంబరు 30న, ఆఖరి రోజున, జెయింట్స్ గెలిచినట్లు వార్త వచ్చింది. ఫిలడెల్ఫియాలో డాడ్జర్స్ ఓడితే సర్వమూ ముగిసినట్లే. పన్నెండవ ఇన్నింగ్స్‌లో ఓటమి ఖాయమనిపించిన బంతిని రాబిన్సన్ గాలిలోకి దూకి అందుకున్నాడు. నేలపై బలంగా పడి గాయపడినా లేచి ఆట కొనసాగించాడు. పద్నాలుగవ ఇన్నింగ్స్‌లో బంతిని మైదానం సరిహద్దు దాటించి 9-8 తేడాతో జట్టును గెలిపించాడు. రెండు జట్లు సమానమై ప్లేఆఫ్ అవసరమయింది.

ఆ ప్లేఆఫ్‌లో చెరొక ఆట గెలిచిన తరువాత, అక్టోబరు 3న పోలో గ్రౌండ్స్‌లో నిర్ణయాత్మకమైన ఆట జరిగింది. చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి డాడ్జర్స్ 4-1తో ముందున్నది. కాని బాబీ థామ్సన్ కొట్టిన ఒక్క దెబ్బతో జెయింట్స్ 5-4తో పతాకాన్ని ఎగరేసుకుపోయింది. డాడ్జర్స్ ఆటగాళ్ళు తలలు వంచుకొని వెళ్ళిపోతున్నా, రాబిన్సన్ మాత్రం థామ్సన్ ప్రతి బేస్‌నూ నియమానుసారం తాకుతున్నాడో లేదో గమనిస్తూ నిలబడ్డాడు. ఆఖరి క్షణం వరకు ఆశ వదలని ధీరత్వం అది. ఆ రోజు బ్రూక్లిన్‌లోని తెల్లవారు, నల్లవారు ఒకే దుఃఖాన్ని పంచుకున్నారు. ఒకే గెలుపును కోరుకొని, ఒకే ఓటమికి కంటతడి పెట్టినవారు పరస్పరం పూర్తిగా పరాయివారు కాలేరు.

వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో పలుమార్లు ఓడిన డాడ్జర్స్ అభిమానులు ప్రతిసారీ వచ్చే ఏటి మీద ఆశ పెట్టుకొనేవారు. ఆ ఆశ 1955 అక్టోబరు 4న ఫలించింది. ఏడవ ఆటలో 2-0తో యాంకీస్‌ను ఓడించి డాడ్జర్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. 36 ఏళ్ళ రాబిన్సన్ ఆ చివరి ఆటలో పాల్గొనలేదు. అయితే మొదటి ఆటలో, ప్రత్యర్థి బంతి విసరబోయే క్షణాన మూడవ బేస్ నుంచి మెరుపులా దూసుకువచ్చి పరుగు సాధించిన ఆయన సాహసం అభిమానుల మదిలో చిరస్థాయిగా నిలిచిపోయింది.

ఆ చప్పట్లు మైదానం వెలుపల ఆయనకు పూర్తి న్యాయం చేకూర్చలేదు. దేశమంతా ఎరిగిన ఆ క్రీడాకారుడు 1950ల మధ్యకాలంలో ఇల్లు కొనబోతే, నల్లజాతివాడన్న కారణంగా నిరాకరణలు ఎదురయ్యాయి. అందుకే 1957లో ఆట నుంచి విరమించిన తరువాత పౌరహక్కుల ఉద్యమానికి అంకితమయ్యాడు. మార్టిన్ లూథర్ కింగ్‌కు అండగా నిలిచాడు. 1963 వాషింగ్టన్ ప్రదర్శనలో పాల్గొన్నాడు. నల్లజాతివారికి రుణసౌకర్యం కల్పించడానికి హార్లెమ్‌లో ఒక బ్యాంకు స్థాపనలో భాగస్వామి అయ్యాడు. 1962లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు.

1972 అక్టోబరులో తనను సన్మానించిన సభలోనూ, నల్లజాతివారికి జట్టును నడిపించే బాధ్యత ఇంకా దక్కలేదని నిర్భయంగా ప్రశ్నించాడు. మరి కొద్ది రోజులకే, అక్టోబరు 24న, 53 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. 1975లో ఫ్రాంక్ రాబిన్సన్ తొలి నల్లజాతి మేనేజరు కావడంతో ఆ కోరిక నెరవేరింది. 1997లో 42వ సంఖ్యను ఇకపై ఏ జట్టులోనూ కొత్త ఆటగాడికి కేటాయించరాదని బేస్‌బాల్ సంస్థ నిర్ణయించింది. 2009 నుంచి ప్రతి ఏప్రిల్ 15న ఆటగాళ్ళందరూ ఆ సంఖ్యనే ధరించి ఆయనకు నివాళి అర్పిస్తున్నారు.

గెలుపోటములు కాలగర్భంలో కలిసిపోతాయి. సహనాన్ని ఆయుధంగా, ప్రతిభను సమాధానంగా మలచుకొని, తోటివారికి దారి చూపిన జాకీ రాబిన్సన్ జీవితం మాత్రం యువతరానికి నిత్యస్ఫూర్తి.