ఖాజీ ఇబ్నె రుష్ద్

ఎనిమిది వందల ఏళ్ల క్రిందట కన్నుమూసిన ఒక ఖాజీగారిని ఈ సంచికలో మన సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేస్తున్నాము. ఆయనే ఇబ్నె రుష్ద్. యూరప్‌వారు అవెరోస్ అని పిలుచుకున్న మహాతత్వవేత్త.

ఆయన 1126లో కార్డోవా నగరంలో, అనగా నేటి స్పెయిన్ దేశంలో జన్మించారు. తాతగారూ, తండ్రిగారూ ఆ ఊరి ఖాజీలే. ఇబ్నె రుష్ద్ ఫిఖహ్‌తో పాటు వైద్యం, తత్వశాస్త్రం కూడా అభ్యసించారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన పుస్తకం పట్టని రాత్రులు రెండేనట. ఒకటి పెళ్లిరాత్రి, రెండవది తండ్రి పోయిన రాత్రి.

ఆయన ప్రతిభను లోకానికి తెలిపినవాడు ఒక స్నేహితుడు. వయసులో పెద్దవారైన ఇబ్నె తుఫైల్ ఆయన్ని వెంటబెట్టుకుని ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ సముఖానికి తీసుకువెళ్లారు. ఆకాశం అనాదిగా ఉన్నదా, సృష్టింపబడినదా అని ఖలీఫా అడిగేసరికి ఇబ్నె రుష్ద్ హడలిపోయి, తనకు తత్వశాస్త్రంతో పనే లేదనేశారు. అది గ్రహించి ఖలీఫా ఇబ్నె తుఫైల్‌తోనే చర్చ సాగించాక గాని ఆయనకు ధైర్యం రాలేదు. అరిస్టాటిల్ గ్రంథాలకు వివరణ వ్రాసే పనిని కూడా, తనకు వయసు మీరిందని చెప్పి, ఇబ్నె తుఫైల్ ఆయనకే అప్పగించారు. తనకు రాగల కీర్తిని మిత్రుడికి ఇచ్చేసేవారు ఎందరుంటారు!

1169లో సెవిల్లెలో, 1171లో కార్డోవాలో ఆయన ఖాజీ అయ్యారు. పలుకుబడిని సొంత సంపాదనకు వాడుకోలేదు. బిదాయతుల్ ముజ్తహిద్ అనే గ్రంథంలో వేర్వేరు ఇమాముల అభిప్రాయాలనూ, వారు భేదించడానికి గల కారణాలనూ ఓపికగా వివరించారు. ఎదుటివారి వాదన పూర్తిగా వినడమే న్యాయానికి మొదటి మెట్టు కదా.

1195లో రోజులు తిరగబడ్డాయి. తత్వశాస్త్ర గ్రంథాలు తగలబెట్టించారు. డెబ్బయ్యో పడిలో పడబోతున్న ఆయన్ని లుసేనా అనే చిన్న ఊరికి పంపేశారు. తర్వాత క్షమించి పిలిపించినా, 1198 డిసెంబరులో మరాకిష్‌లో పరమపదించారు. కొన్ని నెలలకు భౌతికకాయాన్ని కార్డోవాకు తరలించారు. వాహన పశువుపై ఒక ప్రక్క శవపేటిక, బరువు సరితూగడానికి రెండో ప్రక్క ఆయన గ్రంథాలు! ఈ దృశ్యాన్ని ఇబ్నె అరబీ కళ్లారా చూశారు.

ప్లేటో గ్రంథానికి వ్రాసిన వివరణలో ఆయన ఒక ముఖ్యమైన మాట చెప్పారు. స్త్రీలను పిల్లల పెంపకానికే పరిమితం చేసి, వారి శక్తిని ఎదగనీయకపోవడం వల్లనే ఆ నగరాలు పేదవైపోతున్నాయని. దాని అరబీ మూలం నేడు లేదు, హీబ్రూ అనువాదంలో మాత్రం నిలిచింది. మన ఇళ్లలో ఆడపిల్లల చదువు మాట వచ్చినప్పుడల్లా ఈ ఖాజీగారిని తలచుకోవాలని సభ్యులందరినీ కోరుతున్నాము.