పల్లెల కోసం రాకెట్లు కోరిన సారాభాయ్

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచిందంటే సూళ్లూరుపేట చుట్టుపక్కల జనం మిద్దెలెక్కి చూస్తారు. ఆ దీవికి రాకెట్ల కేంద్రం రావడానికి ముఖ్య కారకులు డాక్టర్ విక్రమ్ సారాభాయ్. దేశం తిండిగింజలకు వెతుక్కుంటున్న రోజుల్లో అంతరిక్ష పరిశోధనకు డబ్బు కావాలని అడిగి, ఒప్పించిన శాస్త్రజ్ఞుడాయన.

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహమ్మదాబాదులో జన్మించారు. తండ్రి అంబాలాల్ పెద్ద బట్టల మిల్లు యజమాని. కేంబ్రిడ్జిలో చదువుతుండగా యుద్ధం రావడంతో స్వదేశానికి వచ్చి, బెంగుళూరులో సర్ సి.వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన చేశారు. 1942లో ప్రఖ్యాత నర్తకి మృణాళినిని వివాహమాడారు. కూర్చుని తిన్నా తరగని ఆస్తి ఉన్నా, 1947లో అహమ్మదాబాదులో భౌతికశాస్త్ర పరిశోధనశాలను స్థాపించి, పరిశోధననే జీవితంగా చేసుకున్నారు.

1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడగా ఆయన అధ్యక్షులయ్యారు. తిరువనంతపురం దగ్గర తుంబా అనే జాలరి పల్లెను రాకెట్ల ప్రయోగానికి ఎంచుకున్నారు. అక్కడి చర్చి కార్యాలయమైంది. రాకెట్టు భాగాలను సైకిలు మీద పెట్టి తరలించిన రోజులవి. 1963 నవంబరు 21న తుంబా నుంచి మొదటి రాకెట్టు లేచింది. అది అమెరికా ఇచ్చిన చిన్న రాకెట్టు.

1965, 1966 సంవత్సరాల్లో వానలు తప్పాయి. అమెరికా గోధుమల ఓడల కోసం దేశం ఎదురుచూసింది. ఇటువంటి పేద దేశానికి రాకెట్లెందుకని చాలామంది అడిగారు. సారాభాయ్ చెప్పిన జవాబు పల్లెలే. చంద్రుడి మీదికి మనిషిని పంపే పోటీ మనకు అక్కరలేదన్నారు. లక్షల పల్లెలకు స్తంభాలు పాతి, తీగలు లాగి వార్త చేర్చాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఒక్క ఉపగ్రహం పైన ఉంటే మారుమూల పల్లెకూ ఒకేసారి చేరుతుంది. వాతావరణం తెలుస్తుంది, పంటలు, నీటి వనరుల లెక్క తేలుతుంది. ఖర్చుకు ఆయన చూపిన ఫలితం ఇది.

1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. సొంత ఉపగ్రహాలు పంపడానికి తూర్పు తీరం కావలసి వచ్చింది. భూమి తిరిగే దిక్కున, అంటే తూర్పుకు వదిలితే రాకెట్టుకు ఆ వేగం కలిసివస్తుంది. అటు సముద్రమే కనుక శకలాలు ఊళ్లపై పడవు. పులికాట్ సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న శ్రీహరికోట అందుకు తగినదని తేలింది. తరతరాలుగా అక్కడ బతికిన యానాది కుటుంబాలు ఎన్నో దీవి వదలవలసి వచ్చింది. కేంద్రం వెనుక వారి నష్టమూ ఉన్న సంగతి మరువరాదు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి చిన్న రాకెట్లు ఎగిరాయి. మూడు నెలలైనా గడవకముందే, డిసెంబరు 30న, తిరువనంతపురం దగ్గరి కోవళంలో సారాభాయ్ నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 52 ఏళ్లు.

ఆయన అమెరికాతో కుదిర్చిన ఒప్పందం 1975 ఆగస్టులో ఫలించింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు టెలివిజన్ చేరింది. ఆంధ్రప్రదేశ్ పల్లెల వారు వ్యవసాయం, ఆరోగ్యం గురించి తెలుగులోనే చూశారు. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి మన రాకెట్టే మన ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1983లో వెళ్లిన ఇన్సాట్-1బి నుంచి మేఘాల చిత్రాలు అందసాగాయి. 1977 దివిసీమ ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న తీరానికి వాటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన మన ల్యాండరుకు విక్రమ్ అని ఆయన పేరే పెట్టారు. అయితే తుపాను కబురు ముందే విని పడవను ఒడ్డుకు లాగే జాలరి ఇంట్లోనూ ఆయన పేరు నిలిచే ఉంటుంది.