స్వామి జ్ఞానానంద

గోదావరి సముద్రమును చేరుటకు ముందు పెక్కు పాయలుగా చీలును. వానిలో వసిష్ఠకు తూర్పుదరిని కోనసీమయు, పడమటిదరిని నరసాపురము, భీమవరము ప్రాంతములును కలవు. భీమవరమునకు సమీపమునగల గొరగనమూడి గ్రామమున 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించిరి. వారు నరసాపురము టేలరు ఉన్నత పాఠశాలలో చదివిరి. యౌవనమున ఇల్లు విడిచి హిమాలయములకేగి, సుమారు పదేండ్లు యోగసాధన చేసిరి. ఆయనయే స్వామి జ్ఞానానంద.

1927లో స్వామివారు తమ యోగగ్రంథమును అచ్చొత్తించు నుద్దేశముతో జర్మనీ వెళ్లిరి. అచ్చట భౌతికశాస్త్రములో నూతన భావములు వెల్లివిరియుచున్న కాలమది. ఐన్‌స్టీను సాపేక్షతా సిద్ధాంతము ఆయన చిత్తమును ఆకర్షించెను. అప్పటికే ఆయనకు ముప్పది యేండ్లు నిండినవి. అయినను వెనుదీయక, పరదేశమున, పరభాషలో గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసింప మొదలిడిరి. తరువాత ప్రేగు నగరములోని చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్స్‌కిరణములపై పరిశోధించి డాక్టరు పట్టమును పొందిరి.

పిమ్మట ఇంగ్లండులోని లివర్‌పూలు విశ్వవిద్యాలయమున, 1932లో న్యూట్రానును కనుగొనిన ఛాడ్విక్ పండితుని యొద్ద పరిశోధనకు చేరిరి. రేడియోధార్మిక పదార్థముల కేంద్రకములనుండి వెలువడు ఎలక్ట్రానులకు బీటా కిరణములని పేరు. వానిని అయస్కాంతబలముచే వంచి, వాని శక్తిని కొలుచుట స్వామివారి పని. ఆ కొలతలవలన కేంద్రకములోని శక్తిస్థాయిలను తెలిసికొనవచ్చును. అవి మేడమెట్లవంటివి, మెట్టుకు మెట్టుకు నడుమ కాలుమోపుటకు తావులేదు.

ఆ మెట్లను వెలుపలినుండియు పరీక్షింపవచ్చును. ప్రోటానులను వేగముగా పలుచని రేకుపై ప్రయోగించినచో, కేంద్రకముల విద్యుద్బలమువలన కొన్ని ప్రక్కలకు చెదరిపోవును. దీనిని పరిక్షేపణమందురు. ప్రోటాను శక్తిని కొంచెము కొంచెముగా పెంచుచు పోయినచో, ఒక్కొక్కచోట చెదరు ప్రోటానుల సంఖ్య ఒక్కసారిగా మారును. ఉయ్యాలను దాని ఊపునకు సరియైన సమయమున నెట్టినచో ఎత్తుకు పోవునట్లు, ప్రోటాను తెచ్చిన శక్తి ఒక స్థాయికి సరిపోవుటయే ఇందులకు కారణము. దీనికి అనునాదమని పేరు.

అప్పుడు ప్రోటాను కేంద్రకములో ప్రవేశించును. ముంతలోని గోళీలపై మరియొక గోళీని విసరినచో దాని ఊపు అన్నిటికిని పంచబడునట్లు, ప్రోటాను శక్తి లోపలి కణములన్నిటికిని చెందును. ఈ సంయుక్త కేంద్రకము క్షణములో అత్యల్పభాగమే నిలిచి, పిదప ఒక కణమునో గామా కిరణమునో వెలువరించును. ఈ భావమును 1936లో నీల్స్ బోరు ప్రతిపాదించెను. ఏడు కణములుగల లిథియము కేంద్రకము, సుమారు 4,41,000 ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల ప్రోటానును గ్రహించి, ఎనిమిది కణముల బెరిలియముగా మారుట ఇందులకు నిదర్శనము.

బీటా కిరణములను కొలువవలెనన్నను, ప్రోటానులను నడుపవలెనన్నను గొట్టములో గాలి యుండరాదు. గాలి అణువులు తగిలినచో కణములు దారితప్పును. కావున స్వామివారు శూన్యమును కల్పించు విద్యలో కృషిచేసిరి. అమెరికాలోని మిషిగను విశ్వవిద్యాలయమునను పరిశోధన సాగించిరి. శూన్యవిద్యపై వారు రచించిన ఆంగ్లగ్రంథము 1947లో ప్రకటింపబడెను.

విదేశములలోనే నిలిచిపోవుటకు వారికి అడ్డులేదు. అయినను స్వతంత్ర భారతమునకు మరలివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిరి. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిరి. నాడు విశాఖపట్టణమున కేంద్రక పరిశోధనకు ప్రత్యేకశాఖ లేదు. వారి కృషివలన 1956లో అది ఏర్పడెను. తెలుగు విద్యార్థులు కేంద్రకరహస్యములను స్వస్థలముననే శోధించు అవకాశము కలిగెను. 1969 సెప్టెంబరు 21న స్వామివారు పరమపదించిరి. వారు నెలకొల్పిన ప్రయోగశాలలకు వారి పేరే పెట్టబడినది.

బాలబాలికలారా! విద్య నారంభించుటకు వయస్సు మీరిపోయినదని ఆయన తలచియుండినచో ఆ ప్రయోగశాలలు వెలసియుండెడివి కావు. తెలియనిదానిని మొదటినుండి నేర్చుకొనుటకు సిగ్గుపడకుండుట, నేర్చినదానిని తనవారికి పంచుట అను రెండు గుణములును ఆ మహనీయుని జీవితమునుండి మనము గ్రహింపదగినవి.