అల్లూరి సీతారామరాజు

సీతారామరాజు పేరు విన్నంతనే ధనుర్బాణములు ధరించిన కాషాయాంబరధారి మన కన్నులకు గట్టును. 1974లో వెలువడిన చలనచిత్రము ఆ రూపమును ఇంటింట నిలిపినది. కాని అతడు పోలీసు ఠాణాలపై బడినది తుపాకుల కొరకు. ఆ తుపాకులకంటె ముందు అతనిచేత నుండినవి ఓషధులు. ఈ క్రమము నెరుగనివారికి మన్యపు తిరుగుబాటు బోధపడదు.

1897 జూలై 4న విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో నతడు జన్మించెను. తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరమున ఛాయాచిత్రకారుడు. బాల్యముననే పితృవియోగము కలుగుటచే చదువు ఊరూర సాగినది. మండపేటకు చేరువనున్న రామచంద్రపురమునను కొంతకాలము చదివెను. పిదప ఉత్తరదేశ తీర్థములు సేవించి కృష్ణదేవిపేట చేరెను. వైద్యుని ముఖమెరుగని కొండపల్లెలలో జ్వరపీడితులకు మందిచ్చెను, కల్లు మానుడనెను, తగవులు కోర్టులకెక్కక పంచాయతీలలో తీర్చుకొండనెను. ఏ కులపెద్దకును, ఏ యుద్యోగికిని దక్కని నమ్మిక యా సన్న్యాసికి దక్కెను.

అప్పటికే 1882 నాటి అటవీ శాసనము పోడుసేద్యమును నేరముగ జేసియుండెను. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ నరసీపట్టణము నుండి చింతపల్లికి రోడ్డు వేయించుచు చాలీచాలని కూలికి గిరిజనులచే చాకిరి చేయించెను. రోగమునకు మందున్నది; ఈ పీడకు మందేది? 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాలు అతని వశమయ్యెను. మూటను దొరికినవి 26 తుపాకులు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన కవార్డు, హైటరు దొరలను నేలగూల్చిరి. తన దేశీయుల ప్రాణము తీయరాదను నియమమును యుద్ధమునను వీడని సేనాని ఎందరు గలరు?

డెల్టావారమైన మన సంగతియు చెప్పక తప్పదు. ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో మన గాదెలు నిండియుండగా, మన్యములో తిండిగింజలు కొండలెక్కకుండ సర్కారు కట్టడి చేసెను. చౌరీచౌరా పిదప హింసకు వెరచిన కాంగ్రెసు పెద్దలు దూరముగ నుండిరి. ఆ మార్గము నంగీకరింపకపోవుట వేరు, ఆ యాకలిని చూడకపోవుట వేరు. గాంధీమహాత్ముడు 1929లో అతని మార్గమును సమ్మతింపకయే అతని ధైర్యమును, త్యాగమును కొనియాడెను.

1924 మే 7న అతనిని మంప వద్ద పట్టి, కొయ్యూరునకు గొనిపోయి, న్యాయస్థానపు గడపయైన త్రొక్కనీయక కాల్చిచంపిరి. అప్పటికి ఇరువదియేడేండ్లు నిండలేదు. కృష్ణదేవిపేటలో దహనము జరిగెను. సహచరుడు గాము గంటందొర కొలదికాలములోనే పోరున గూలెను. తమ్ముడు మల్లుదొర చెరననుభవించి, 1952లో విశాఖపట్టణము ప్రతినిధిగా లోకసభ కేగెను.