రాబర్ట్ నోబుల్

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ (1809 - 1865 అక్టోబరు 17) మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాలను స్థాపించి, జీవితాంతం దానిలోనే పాఠాలు చెప్పిన ఆంగ్లేయ క్రైస్తవ మిషనరీ, ఉపాధ్యాయుడు. చర్చి మిషనరీ సొసైటీ తెలుగుదేశములో పని ప్రారంభించినప్పుడు పంపిన మొదటి ఇద్దరిలో ఈయన ఒకడు. ఈయన నెలకొల్పిన పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాలగా ప్రసిద్ధి చెందినది. ఆంధ్ర ప్రాంతములోని అతి పురాతన విద్యాసంస్థలలో అది ఒకటి.

బాల్యము, విద్యాభ్యాసము

నోబుల్ ఇంగ్లండులోని లీస్టర్‌షైరులో ఫ్రిజ్బీ అను గ్రామంలో 1809లో జన్మించాడు. తండ్రి ఆ గ్రామపు చర్చిలో మతాచార్యుడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివి, తండ్రివలెనే మతాచార్య వృత్తిని స్వీకరించాడు.

మచిలీపట్నము రాక

ఆ రోజులలో బందరు (మచిలీపట్నము) జిల్లా కేంద్రము. అచ్చటి ఆంగ్ల అధికారులు కొందరు తెలుగువారి మధ్య మిషను స్థాపించవలెనని విరాళములు పోగుచేసి, చర్చి మిషనరీ సొసైటీకి విజ్ఞప్తి చేశారు. దాని ఫలితంగా నోబుల్, ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ కలిసి 1841లో ఓడపై భారతదేశానికి వచ్చారు. అప్పటికి నోబుల్ వయస్సు సుమారు 32 సంవత్సరాలు. ఫాక్స్ అతనికంటె ఎనిమిదేండ్లు చిన్నవాడు.

ఇద్దరూ పనిని పంచుకొన్నారు. ఫాక్స్ పల్లెలు తిరిగి మతప్రచారం చేయుటకు, నోబుల్ పట్టణంలో బడి నడుపుటకు నిర్ణయించుకొన్నారు. నోబుల్ వెంటనే బడి తెరువలేదు. మొదటి రెండేండ్లు తెలుగు నేర్చుకొనుటకే వినియోగించాడు. ఫాక్స్ ఆరోగ్యం ఈ వాతావరణానికి తట్టుకోలేక క్షీణించగా ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి, 1848లో 31 ఏండ్లకే మరణించాడు. అతని స్మారకార్థం అతడు చదివిన రగ్బీ పాఠశాల ఒక నిధిని ఏర్పరచి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయునికి జీతమిచ్చే ఏర్పాటు చేసింది.

పాఠశాల స్థాపన

1843 నవంబరులో నోబుల్ ఇంగ్లీషు పాఠశాలను ప్రారంభించాడు. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830లోను, మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లోను ఇటువంటి పాఠశాలలు పెట్టి ఉన్నారు. అగ్రకులాల యువకులకు ఇంగ్లీషు చదువుతో పాటు బైబిలు నేర్పినచో, వారి ద్వారా ఆ మతము సమాజమంతటా వ్యాపించునని వీరి ఆలోచన. నోబుల్ కూడ ఈ మార్గమునే అనుసరించాడు. బ్రాహ్మణులు, వెలమలు మొదలైన కులాలవారు, ముస్లిములు ఆ బడిలో చదివారు. అస్పృశ్యులుగా పరిగణింపబడిన మాల, మాదిగ కులాల పిల్లలకు మాత్రము ప్రవేశం ఉండేది కాదు. వారిని చేర్చుకొంటే తక్కినవారు రారని ఆయన భావించాడు. క్రైస్తవ బడిలో కులభేదమును పాటించుట మీద విమర్శలు వచ్చాయి.

దైనందిన జీవితము

నోబుల్ వివాహం చేసుకోలేదు. బందరులో గడిపిన 24 సంవత్సరాలలో ఒక్కసారియైనా సెలవుపై స్వదేశానికి వెళ్ళలేదు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా బడిని విడువలేదు. ఊరూరా తిరిగిన మిషనరీల వలె ఆయనకు యాత్రలు లేవు. తరగతి గదియే ఆయన కార్యక్షేత్రము. బైబిలు పాఠము ప్రతిదినము తప్పనిసరి. పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియకపోలేదు. అయినప్పటికీ కచేరీలలోను, న్యాయస్థానాలలోను ఉద్యోగాలకు ఇంగ్లీషు అవసరమగుచున్నందున పిల్లలను పంపేవారు. పాఠాలు నేర్చుకొని, మతము మాత్రం పుచ్చుకోకుండా ఇల్లు చేరుతారని వారి నమ్మకము. దాదాపు తొమ్మిదేండ్లు ఆ నమ్మకమే నిజమయింది.

1852 సంఘటన

1852లో ఐనాల భూషణం అనే వెలమ యువకుడు, మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు క్రైస్తవ మతము స్వీకరించుటకు నిశ్చయించుకొని నోబుల్ ఇంటికి వచ్చారు. బంధువులు వచ్చి బ్రతిమాలినా వారు తిరిగి వెళ్ళలేదు. వారికి బాప్తిస్మము ఇవ్వబడినది. ఊరంతా అట్టుడికిపోయింది. మతము మారిన కొడుకు కుటుంబానికి దూరమైనట్లే. అతనితో భోజనము, సంబంధ బాంధవ్యములు ఉండవు. తల్లిదండ్రులకు కర్మకాండ జరిపే అర్హతా పోతుంది. మతము మారినవారికి ఆస్తిహక్కు పోకుండా 1850లో ప్రభుత్వము చట్టము చేసినా, కుటుంబములు అనుభవించే ఈ దుఃఖమును చట్టము తీర్చలేదు.

మిగిలిన తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించగా పాఠశాల దాదాపు ఖాళీ అయింది. నోబుల్ బడిని మూసివేయలేదు. బైబిలు పాఠమును తగ్గించనూ లేదు. క్రమంగా విద్యార్థులు మరల చేరారు. రత్నం, భూషణం తరువాతి కాలంలో మతాచార్యులై మిషనులోనే సేవచేశారు. మరొక విద్యార్థి, ముస్లిం కుటుంబానికి చెందిన జానీ అలీ కూడ క్రైస్తవుడై, అనంతరము కేంబ్రిడ్జిలో చదివి అదే సంఘానికి మిషనరీ అయ్యాడు.

అయితే మొత్తం విద్యార్థులలో మతము మారినవారు కొద్దిమందే. అదే కాలంలో నోబుల్ బడిలో ప్రవేశం లేని కులములలోనే ఆ మతము వేగముగా వ్యాపించినది. 1859లో రాఘవాపురానికి చెందిన మాల కులపెద్ద పాగోలు వెంకయ్య, అదే సంఘపు మిషనరీ డార్లింగ్ వద్ద బాప్తిస్మము పొందగా, ఆయనను అనుసరించి అనేకులు క్రైస్తవులయ్యారు. నోబుల్ ఆశించినట్లు మతము పైనుండి క్రిందికి ప్రవహించలేదు.

ఉప్పెన, మరణము

1864 నవంబరు 1 రాత్రి పెనుతుఫానుతో పాటు సముద్రపు ఉప్పెన బందరును ముంచెత్తింది. కొన్నిచోట్ల నీరు 17 మైళ్ళ లోపలికి చొచ్చుకువచ్చింది. సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. నోబుల్ ప్రాణాలతో బయటపడినా, ఆ తరువాత ఒక సంవత్సరము కూడ జీవించలేదు. 1865 అక్టోబరు 17న మచిలీపట్నంలోనే మరణించాడు. ఆయన సోదరుడు జాన్ నోబుల్ వ్రాసిన జీవితచరిత్ర 1867లో వెలువడింది.

వారసత్వము

నోబుల్ తరువాత జాన్ షార్ప్ పాఠశాల బాధ్యతను వహించాడు. అది కళాశాలగా అభివృద్ధి చెంది నోబుల్ పేరును ధరించినది. సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ఇక్కడ అధ్యాపకుడుగా పనిచేశాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఇక్కడ చదువుకొన్నారు. కోపల్లె హనుమంతరావుతో కలిసి వీరిరువురు 1910లో అదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. మతప్రచారము కొరకు స్థాపింపబడిన బడిలో చదివినవారు ఆ చదువును జాతీయోద్యమానికి వినియోగించారు. నోబుల్ ఆశయము స్వల్పంగానే నెరవేరినా, ఆయన బడి మాత్రం మచిలీపట్నంలో నిలిచిపోయింది.