యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు (సప్లిమెంటరీ రాస్తున్న మన తమ్ముళ్ళు గమనించాలి). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో తిన్న తిండిలోని సారం పేగు కణాలను దాటి రక్తంలోకి సరిగా చేరదు. కడుపు నిండా తిన్నా మనిషి ఎండిపోతాడు. ఆయనకూ ఆ జబ్బు సోకింది, ఎలాగో బతికి బయటపడ్డారు.

1923లో బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు కనుగొన్నాడు. మన కణం మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కోవడానికి ఒక ఏ.టి.పి. ఖర్చవుతుంది. ఆ పంపును 1957లో స్కౌ బయటపెట్టేనాటికి సుబ్బారావుగారు లేరు.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అదే మందు! సోదరులకు మాత్రం అందలేదు. తరువాత దాన్ని పోలిన అమినోప్టెరిన్ తయారుచేశారు. క్యాన్సర్ కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమే అనుకుని లోపలికి రానిచ్చి, పెరగలేక చస్తుంది. 1947లో ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. 1923లో ఇల్లు విడిచిన మనిషి మళ్ళీ భార్య శేషగిరిగారిని చూడనే లేదు.